ఆఖరి తలుపు ముందు ఆపిన ఆట

ఈమధ్య కుర్రాళ్ళు పాత వీడియో గేముల గురించి మాట్లాడుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అవి మనిషిని ఊరికే ఏడిపించడానికి తయారుచేసినవట. దారి చెప్పవట. ఎక్కడ దూకాలో, ఎక్కడ ఆగాలో చూపించవట. చస్తే మళ్ళీ మొదటికే తోసేస్తాయట, అది అన్యాయమట. ఇప్పుడొచ్చే ఆటల్లో నేల మీద బాణం గుర్తు పడుతుంది, ఇటు నడవమని. తలుపు దగ్గరికి పోగానే, ఇది తలుపు, తియ్యడానికి ఇది నొక్కు అని అక్షరాలు వస్తాయి. తలుపుని తలుపని చెప్పించుకున్నాక ఇక వాడు ఆడేదేమిటి?

నేను అయిదో క్లాసు దాటలేదు. పొట్లాలు కట్టిన కాగితాల మీద చదవడం నేర్చుకున్నాను. గుడ్డ పాడుచేసి, తిట్లు తిని కుట్టుపని నేర్చుకున్నాను. నాకెవరూ నేల మీద బాణం గియ్యలేదు. అందుకని అన్యాయం అన్న మాట ఎవరు ఎక్కడ వాడుతున్నారో కాస్త చూస్తూ ఉంటాను.

తొంభైల నడుమ చోడవరం మెయిన్ రోడ్డులో నాకు టైలరింగ్ షాపు ఉండేది. అనకాపల్లిలో ఒక సాయిబుగారికి టీవీలు, రేడియోలు అమ్మే దుకాణం. వాళ్ళింటి పెళ్ళి బట్టలు నేనే కుట్టాను. అవి ఇవ్వడానికి వెళ్ళిన రోజున దుకాణంలో ఒక మూల ఆ డబ్బా కనిపించింది. బూడిదరంగు వీడియో గేము, తీగతో వేలాడే రిమోటు, ఒకే ఒక్క క్యాసెట్టు. క్యాసెట్టు మీది బొమ్మ సగం చిరిగిపోయింది.

"మాస్టారూ, ఇది పిల్లల సామాను. మీ అబ్బాయికా?" అన్నారాయన.

"అవునండీ" అన్నాను. అప్పటికి మావాడికి సరిగ్గా నడకైనా రాలేదు.

ఆ ఆట పేరేమిటో అప్పట్లో నాకు తెలియదు. ఏదో దేశం లిపిలో వచ్చేది. ఒక మనిషి, చేతిలో కాగడా. కొండ కింద కోట ఉంటుంది, కోటలోకి గుహల్లోంచి పోవాలి. గుహకొక తాళంచెవి. అన్ని గుహలూ దాటితే ఆఖర్న ఒక ఇనుప తలుపు ఉందని, ఆట మొదట్లో వచ్చే బొమ్మలో చూపించేది. అంతే చెప్పేది. మిగతాదంతా మనమే తెలుసుకోవాలి. బల్లల వంతెన మీద ఒక బల్ల కూలుతుంది. ఏ బల్లో చూస్తే తెలియదు, పడితే తెలుస్తుంది. జలపాతం పక్కనుంచి అందరూ నడిచిపోతారు. విసుగెత్తి నీళ్ళలోకి తల పెట్టినవాడికి వెనకాల తాళంచెవి దొరుకుతుంది. సరిగ్గా దూకే సమయానికే గబ్బిలం మొహం మీదికొస్తుంది. ఇంత చేసీ, ఆ ఆట ఒక్క మాట మాత్రం నిలబెట్టుకుంటుంది. ఈ రోజు కూలిన బల్లే రేపూ కూలుతుంది. పక్క బల్ల ఎన్నటికీ కూలదు. గబ్బిలం అదే చోట, అదే ఎత్తున వస్తుంది. మొహం చూసి మాట మార్చేది కాదు. అలాంటి మేష్టరు నాకు బడిలో దొరికి ఉంటే నేను అయిదులో ఆగేవాణ్ణి కాను.

నల్లటి లైనింగు గుడ్డ ముక్క మీద మార్కింగ్ సుద్దతో గుహల దారి గీసుకునేవాణ్ణి. చెరిగిపోతే మళ్ళీ గీసేవాణ్ణి. గీసిన కొద్దీ దారి గుడ్డ మీద నుంచి బుర్రలోకి ఎక్కేది.

బాధల్లా కరెంటుతో వచ్చేది. ఆటని దాచిపెట్టుకునే వసతి అప్పట్లో ఆ డబ్బాల్లో లేదు. కరెంటు పోతే ఆట పోతుంది, మళ్ళీ మొదటి గుహే. చోడవరంలో పొద్దున ఒక కోత, సాయంత్రం ఒక కోత, మధ్యలో చెప్పకుండా పోయేవి వేరే. ఆ ఆట చివరిదాకా పోవాలంటే ఒక పూటంతా కరెంటు ఉండాలి. మా ఊళ్ళో అంత కరెంటు ఎవరూ చూడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మా చెల్లెలి ఇల్లు.

చెల్లెల్ని గోవాడ వైపు ఇచ్చాం. బావ చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి, కాపురం క్వార్టర్లలో. చెరకు క్రషింగ్ సాగినన్నాళ్ళూ ఫ్యాక్టరీ తన చెరకు పిప్పిని తనే కాల్చుకుని కరెంటు పుట్టించుకుంటుంది. ఆ కరెంటే క్వార్టర్లకీ వస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ చీకట్లో ఉన్నా అక్కడ ఫ్యాను ఆగదు. ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి రాలుతుంది, చెరకు మడ్డి కంపు ముక్కు వదలదు, అయినా కరెంటు మాత్రం పోదు. మంగళవారం నా షాపుకి సెలవు. చలికాలం వచ్చి చెరకు బళ్ళు రోడ్డెక్కగానే, డబ్బాని దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాను. చెల్లెలి అత్తగారి కోసం మాడుగుల హల్వా పొట్లం కూడా పట్టుకెళ్ళాను. ఆవిడ మాట పదును నాకు ముందే తెలుసు.

హల్వా తిన్నారు, మాట అన్నారు. "ఏటి బాబూ, గెడ్డం నెరుస్తంది, గుంటడిలాగ ఆ డబ్బా సంకనెట్టుకొని దిగినావు? మీ ఆవిడ ఇంట్లో ఉండనివ్వదేటి?"

"ఉండనిస్తది అత్తా, కరెంటే ఉండనివ్వదు" అన్నాను.

మొదట నేను ఆడేవాణ్ణి, చెల్లెలు వెనకాల కూర్చుని బియ్యం ఏరుతూ చూసేది. రెండో మంగళవారమో, ఆ పై మంగళవారమో, చేట పక్కన పెట్టి "అన్నయ్యా, ఓపాలి ఇలాగియ్యి" అంది. ఇచ్చాను. చచ్చింది. మళ్ళీ చచ్చింది. "నీకు రాదులే" అని నేను అనలేదు. నాకు ఎన్నిసార్లు అన్నారో నాకు తెలుసు కాబట్టి అనలేదు. తనని ఎనిమిదో క్లాసులో ఉండగా మానిపించారు. పరీక్ష రాయాల్సిన వారంలో ఇంట్లో పెళ్ళి పనులు పడ్డాయి, తర్వాత రాద్దువులే అన్నారు, ఆ తర్వాత రానే లేదు. ఆ సంగతి తను ఎప్పుడూ ఎత్తదు.

ఆరో గుహలో రాళ్ళు కనిపించి మాయమైపోతుంటాయి. కింద నిప్పు. నేను కళ్ళతో చూసి దూకేవాణ్ణి, పడేవాణ్ణి. నా సుద్ద గీతలు అక్కడ పనిచేసేవి కావు. చెల్లెలు టీవీ శబ్దం పెంచింది. రాయి వచ్చే ముందు టిక్కుమని ఒక చప్పుడు ఉందట, అన్నాళ్ళూ నాకు వినపడనేలేదు. రోట్లో దంచేవాళ్ళు రోకలి చప్పుడుకి చెయ్యి ఎత్తినట్టు, తను ఆ టిక్కుకి వేలు నొక్కేది. గుహ దాటేసింది. ఆ పూట నేను గట్టిగా కేకేస్తే పక్క క్వార్టరు వాళ్ళు తొంగిచూశారు.

అత్తగారు కూడా మంచం మీద నుంచి చూసేవారు. కాగడా మనిషిని 'మనోడు' అనేవారు.

"ఒసే, పొద్దున్నించి దూకతానే ఉన్నాడు మనోడు. ఒక్క ముద్దయినా పెట్టినారేటే ఆడికి?"

"ఆడికి ఆకలెయ్యదత్తా."

"ఆకలెయ్యనోడు అంత కష్టమెందుకు పడతన్నాడు మరి?"

మేమిద్దరం నవ్వలేక చచ్చాం. ఆవిడ మాత్రం నవ్వలేదు. నిజంగానే అడిగారు.

మాఘమాసంలో ఒక మంగళవారం ఇనుప తలుపు దాకా వెళ్ళాం. నా వంతు గుహలు నేను దాటించాను, ఆరోది తను దాటించింది. తలుపు ముందు గొడ్డలి పట్టుకుని ఒక కావలివాడు. వాణ్ణి కొట్టి తలుపు తియ్యాలి. మాకు ఒక్క లైఫే మిగిలింది. చెల్లెలు రిమోటు నా చేతికి ఇవ్వలేదు.

"అన్నయ్యా, ఇంతవరకూ నువ్వు ఎలాగ సెప్తే అలాగ ఆడేను. ఈ తలుపు మాత్రం నానే తీస్తాను."

"తియ్యమ్మా, నేనేమైనా అడ్డం వచ్చేనా?"

సరిగ్గా అప్పుడే షిఫ్టు సైరను మోగింది. బావ వచ్చే వేళ. నీళ్ళు కాగాలి, వంట కావాలి, నా బస్సు నాకుంది. తను వంటింటి వైపు చూసింది. "తొందరపడి పోగొట్టుకోను. వచ్చే మంగళారం తీరుబడిగా తీస్తాను" అని, ఆట నిలిపేసే బటను నొక్కింది. కాగడా మనిషి తలుపు ముందు నిలబడిపోయాడు. టీవీ కట్టేశాం. డబ్బా మాత్రం ఆన్‌లోనే ఉంచాం. కరెంటు పోని ఇల్లు కదా, వారం రోజులు అలాగే ఉంటుంది. వేడెక్కకుండా కింద రెండు ఇటుకలు పెట్టాను.

బావ వచ్చి చూసి, "ఉండనీ బావా, కరెంటు ఫ్యాక్టరీది, మనదేం పోయింది" అన్నాడు. మంచివాడే. నేను ఈ రోజుకీ మంచివాడనే అంటాను.

ఆ వారాంతంలో రోలుగుంటలో బావ పెదనాన్నగారు పోయారు. ఇంటిపేరు వాళ్ళు కాబట్టి మైల. దేవుడి గూటికి గుడ్డ కట్టేశారు, దీపం లేదు, పోపు లేదు, టీవీ లేదు. నాకు కబురు తెలిసేసరికి సోమవారం. మంగళవారం పలకరింపుకి పోకూడదు. నా సెలవు రోజేమో అదే. బుధవారం షాపు మూసి వెళ్ళాను.

ముందు గదిలో చాపలు పరిచారు. రోలుగుంట నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు. బావ గోడకి ఆనుకుని ఉన్నాడు. అత్తగారు టీవీ స్టూలు పక్కనే కూలబడి ఉన్నారు. ఆవిడ చేతులు పట్టుకుని రెండు మాటలు మాట్లాడాను. చెల్లెలు మంచినీళ్ళు తెచ్చి, గ్లాసు అందిస్తూ, పెదవులు కదపకుండా అంది.

"బతికే ఉంది."

మైల ఇంట్లో ఈ మాటేమిటని ఒక్క క్షణం తెల్లబోయాను. తను కళ్ళతో స్టూలు కింది అర చూపించింది. డబ్బా ఇటుకల మీదే ఉంది. దాని ముందు వైపు ఉండే చిన్న ఎర్ర లైటు కనపడలేదు. దాని మీద స్టిక్కరు బొట్టు అంటించింది. అందరూ రోలుగుంట వెళ్ళినా, వచ్చినా, ఇల్లంతా కడిగినా, ఆ డబ్బా మీద నీటి చుక్క పడకుండా, ఎవరి కంటా పడకుండా కాచుకుంది. మైల తీరేదాకా కాద్దామనుకుంది.

కొంతసేపటికి అత్తగారు లేవబోయారు. మోకాళ్ళ నొప్పి మనిషి, దేనికో దానికి ఆసరా పట్టుకోవాలి. చెయ్యి డబ్బా మీద పడింది.

"ఓలమ్మా! ఇదేటే ఇలాగ కాలతంది? జొరమొచ్చినోడి ఒళ్ళులాగుంది!"

చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ వేడికి జిగురు వదిలిందేమో, బొట్టు ఆవిడ వేలికి అంటుకుని వచ్చేసింది. దాని వెనకాల ఎర్ర లైటు వెలుగుతోంది. ఆవిడ తన వేలి మీది బొట్టు చూసుకున్నారు, లైటు చూశారు, కోడలి మొహం చూశారు.

"దేవుడి దీపమే ఎలిగించకుండా కూకున్నాం కదే ఇంట్లో. నువ్వు దీనికి దీపమెట్టి, బొట్టు కూడా పెట్టినావేటే?"

"దీపం కాదత్తా. లైటు."

"ఎలిగేదంతా దీపమే. సావు మైలలో ఎవలికి పూజ సేస్తన్నావు?"

నేను కలగజేసుకున్నాను. "అత్తా, పైన ట్యూబులైటు కూడా వెలుగుతోంది కదా."

"అది ఎలుతురుకి బాబూ. ఇదెందుకు? నలుగురున్నారు, సెప్పు. ఇదెందుకో సెప్పు."

గొడ్డలివాడి గురించి, ఇనుప తలుపు గురించి ఆ చాప మీద కూర్చుని ఎవరికి చెప్పను? చెల్లెలే చెప్పింది. తలకాయ దించకుండా చెప్పింది.

"అందులో నా ఆట ఉందత్తా. ఆపితే పోద్ది."

రోలుగుంట పెద్దమనిషి ఒకాయన పకపకా నవ్వాడు. శోకం ఉన్న ఇంట్లో టీవీ పెట్టకూడదు, దీపం వెలగకూడదు, పోపు వెయ్యకూడదు. నవ్వొచ్చన్నమాట. ఆ నవ్వు విని ఇంకొకాయన నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. ఆవిడ మొహంలో నిజమైన భయం ఉంది. కోడలు ఆ డబ్బాకి ఏదో మొక్కుకుంటోందని, అది మైలలో తగిలి ఎవరికి చుట్టుకుంటుందోనని ఆవిడ భయం. ఆవిడ మీద నాకు కోపం నిలవదు. ఆవిడకి తెలిసిన లెక్కలో ఆవిడ మాట్లాడారు.

బావకి తెలుసు. ఉండనీ అన్నది తనే. బావ లేచాడు. తల్లి వైపు చూడలేదు, పెళ్ళాం వైపు చూడలేదు. వంగి ప్లగ్గు లాగేశాడు. లైటు ఆరిపోయింది.

"ఇయ్యేళ అంత రబస ఎందుకే? మైల తీరేక మళ్ళీ మొదలెట్టుకో."

ఆ మాట బావ విసురుగా అనలేదు. బుజ్జగింపుగా అన్నాడు. అదే నాకు ఈ రోజుకీ మింగుడు పడదు. మళ్ళీ మొదలెట్టుకో అని ఆట కూడా అంటుంది, కాదనను. కానీ మన కాలు జారితేనే అంటుంది. చెల్లెలి కాలు ఎక్కడ జారింది? బల్ల తప్పలేదు, టిక్కు తప్పలేదు, తొందరపడి చెయ్యి చాపలేదు. తన తప్పు ఒక్కటీ లేకుండా తనని మొదటి గుహలోకి తోసేశారు. అలా తొయ్యడం ఆ ఇంట్లో అందరికీ ఎంత అలవాటో, ఆ మర్నాడు ఎవరికీ అది గుర్తు కూడా లేదు. నేనూ ఆ చాప మీదే కూర్చున్నాను. కాఫీ ఇస్తే తాగాను. ఏమనడానికి నేను ఎవరిని? ఆడపిల్లనిచ్చుకున్నవాణ్ణి.

మైల తీరింది. తర్వాతి మంగళవారం నల్ల గుడ్డ మీద దారంతా తాజాగా గీసుకుని వెళ్ళాను. ఈసారి అత్తగారే ఎదురొచ్చారు. "ఆడుకోండి బాబూ, నానేటీ అననులే. మనోడు కూడా కనపడక శానా రోజులయింది." ఆవిడకి నిజంగానే బెంగగా ఉంది.

చెల్లెలు డబ్బాని దుప్పట్లో కట్టి, గుమ్మం పక్కన సిద్ధంగా పెట్టింది.

"తీసుకుపో అన్నయ్యా."

"అదేమిటమ్మా? దారి మనకి తెలిసిందే కదా. ఒక్క పూటలో తలుపు దగ్గరికి పోతాం."

"దారి తెలుసు. ఇల్లు కూడా తెలిసింది."

బియ్యం ఏరుకోవడానికి కూర్చుంది. అత్తగారు నా వైపు చూశారు, నేను ఆవిడ వైపు చూశాను. టీ తాగి బస్సెక్కాను.

తర్వాత చోడవరంలో, కరెంటు ఉన్నంతసేపు, షాపులో చాలాసార్లు ఆడాను. ఆరో గుహ దాకా పోతాను. టీవీ శబ్దం పెంచుతాను. ఆ టిక్కు వినపడుతుంది, వేలు మాత్రం ఆలస్యంగా పడుతుంది. నిప్పులో పడతాను. మరుసటి ఏడు అడాప్టరు కాలిపోయింది. బాగు చేయించలేదు.

పోయిన సంవత్సరం చెల్లెలు కంటి ఆపరేషను కోసం విశాఖపట్నం వచ్చి, మా అబ్బాయి ఇంట్లో కొన్ని రోజులు ఉంది. బావ పోయి కొంతకాలమైంది, అత్తగారు అంతకు ముందే పోయారు. ఒక సాయంత్రం నేను మా అబ్బాయితో ఎప్పటిలాగే వాదన పెట్టుకున్నాను. బాణం గుర్తుల మీద, దాచుకునే వసతుల మీద, ఇప్పటివాళ్ళ చేతకానితనం మీద. వాడు విసుక్కోకుండా ఫోనులో ఏదో వెతికాడు. చిరిగిన బొమ్మ సంగతీ, కాగడా సంగతీ అడిగి అడిగి, చివరికి ఆ ఆటని పట్టేశాడు. ఎవరో ఆడి, ఆఖరి దాకా తీసిన వీడియో ఉందట.

"అత్తా, తలుపు వెనకాలేముందో చూస్తావా? రెండు నిమిషాల్లో అయిపోతుంది."

చెల్లెలు కంటికి నల్లద్దాలు పెట్టుకుని సోఫాలో కూర్చుని ఉంది. "ఎవలో తీసిన తలుపు నానెందుకు సూడాల్రా?" అంది.

నాకు ఛాతీ ఉప్పొంగింది. చూశావా అన్నట్టు మా అబ్బాయి వైపు చూశాను.

వాడు వదల్లేదు. "పోనీ నువ్వే ఆడు. ఆటే ఫోనులో పెట్టిస్తాను. ఇప్పుడు అందులో ఎక్కడ కావాలంటే అక్కడ దాచుకోవచ్చు అత్తా. కరెంటు పోయినా, ఎవరు ఆపేసినా ఏమీ కాదు. ఎన్నేళ్ళయినా నువ్వు ఆపిన చోటే ఉంటుంది."

చెల్లెలు నల్లద్దాలు సరిచేసుకుంది. నేను కాచుకుని ఉన్నాను, అదేం ఆట్రా అంటుందని, సావు లేని ఆట ఆటేనా అంటుందని. నేను జీవితమంతా అంటున్న మాట తన నోట వినాలని.

"అది అప్పుడుండాల్సింది రా" అంది.

నేను నోరు తెరిచాను. అలా ఉంటే దానికి విలువేముంటుందమ్మా అని అనబోయాను. ఎన్నిసార్లు ఎంతమందితో అన్నానో ఆ మాట. తను నల్లద్దాల వెనకనుంచి గోడ వైపు చూస్తోంది. చుక్కల మందు వేసే వేళయిందని మా కోడలు వచ్చింది. చెల్లెలు తల వెనక్కి వాల్చింది. నేను లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాను.